కోతలు కొయ్యని బ్లేడు పిన్ని

విత్తనాల గిడ్డంగిలో అందరూ ఆమెను బ్లేడు పిన్ని అంటారు. పైన్ గింజను గోటికి ఆనించి నిలువునా కోస్తుంది. లోపల తెల్లటి పప్పు ఉంటే కుడి పళ్లెంలో, లేకపోతే తాలు కింద లెక్కేసి ఎడమ పళ్లెంలో వేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. "ఇంట్లో నా మాటలూ ఎడమ పళ్లేనికే పోతాయి" అంటాడు భర్త.

ఆ ఏడు చెట్లు విరగకాశాయి. కొత్తగా వచ్చిన అధికారి పొంగిపోయి, కొత్త గింజలకు చోటు కావాలని చల్లగదిలో ఉన్న ఆరేళ్ల నాటి మూడు బస్తాలు పారబోయమన్నాడు. పిన్నికి ఆ బస్తాల సంగతి తెలుసు. అవి వానలు సరిగ్గా పడ్డ ఏటి గింజలు. మొన్న మొలక కట్టి చూస్తే నూటికి ఎనభై లేచాయి. అవి పోతే నారుమళ్లలో చల్లడానికి మిగిలేది తాలే.

"కాయలు చూసి మురిసిపోకండి సార్. ప్రాణం మీదికొస్తే చెట్టు ఇలాగే కాస్తుంది" అంది పిన్ని.

"ఈ ఏడు వానలు బాగానే పడ్డాయి కదమ్మా!"

"ఈ కాయ పడ్డది ఈ ఏడు కాదు సార్. పైన్ కాయ పండాలంటే రెండేళ్లు. పోయినేడు పుప్పొడి రాలే వేళ ఎండ మాడ్చేసింది. ఆ దెబ్బ ఇప్పుడు బయటపడుతోంది, గింజల్లో పప్పు పట్టలేదు."

"రెండేళ్లా! ఏనుగు కానుపే నయం" అన్నాడు పక్కనున్న గుమాస్తా.

"మరీ కోతలు కోస్తున్నావమ్మా" అన్నాడు అధికారి.

"నాకు కోతలు రావు సార్, కొయ్యడమే వచ్చు. మీరూ ఓసారి కొయ్యండి" అని బ్లేడు అందించింది.

అధికారి చొక్కా చేతులు మడిచి, నిండుగా కనిపించిన పది గింజలు ఏరి మరీ కోశాడు. తొమ్మిది ఉత్తవి. పదోదాంట్లో పప్పు నిగనిగలాడింది.

"ఇదిగో, ఉంది!"

"ఉండేది సార్. ఇప్పుడు కోసేశారుగా."

గుమాస్తా నవ్వును దగ్గు కింద మార్చుకున్నాడు.

అన్న మాట వెనక్కి తీసుకుంటే అధికారికి చిన్నతనం. అందుకని ఓ కాగితం రాయించాడు: పాత బస్తాలు పరిశీలన నిమిత్తం చల్లగదిలోనే ఉంచవలెను.

"ఎన్నాళ్లు పరిశీలించాలి సార్?" అని అడిగింది పిన్ని.

"మళ్లీ మంచి ఏడు వచ్చేదాకా."

పిన్ని కిటికీలోంచి ఎండ వంక చూసింది.

"అయితే ఆ గది తాళంచెవి నా దగ్గరే ఉండనివ్వండి" అంది.