నాకు యాదికి లేదు సారూ

నా చిన్నప్పుడు మోటార్‌సైకిల్ తగిలి నా కాలు విరిగింది. ఆ సంగతి నాకంటే మా ఊరివాళ్లకే ఎక్కువ తెలుసు. మాది గూడూరు దగ్గర, రోడ్డుకు ఆనుకుని ఉన్న పల్లె. అమ్మానాయనలు పని కోసం జనగామ వైపు పోవడంతో నేను నాయనమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆమెను అవ్వ అని పిలిచేదాన్ని. ఆ రోజు రోడ్డవతలి చేనులో కలుపు తీస్తున్న అవ్వకు సద్ది తీసుకుపోతున్నాను. కాలువ దాటి రోడ్డు అంచు మీదికి ఎక్కడం నాకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆకాశం, రోడ్డు మీద దొర్లుకుంటూ పోతున్న గిన్నె మూత. రోడ్డు ఎక్కడానికీ ఆకాశం కనబడటానికీ మధ్య ఏం జరిగిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

బండి నడిపినతను దంతాలపల్లిలో ఒక ఎరువుల దుకాణంలో పనిచేసే కుర్రవాడు. వెనక సీటు మీద యూరియా బస్తా కట్టుకుని వస్తున్నాడు. హెల్మెట్ అనే మాటే మా వైపు తెలియని కాలం. తలకు చుట్టుకున్న రుమాలు తప్ప అతనికి వేరే అడ్డేమీ లేదు. కనుబొమ్మ చీలి రక్తం కారుతోంది. తప్పించుకు పోవాలంటే పోగలడు. పోలేదు. ఆ రుమాలే విప్పి నా కాలికి కట్టాడు. అంతలో జనం చేరి అతని గల్లా పట్టుకున్నారు. అవ్వ మట్టి చేతులతో పరిగెత్తుకొచ్చి వాళ్లను పక్కకు నెట్టింది.

“ఇడువుండ్రి ఆయనను! కొట్టుకుంట నిలబడితే పిల్లను ఎవలు తీస్కపోతరు?”

అటుగా వస్తున్న లారీని ఆపారు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. ఆ మానుకోట దవాఖాన దాకా నేను అతని ఒళ్లోనే ఉన్నాను. కాలికి కట్టు వేసేదాకా అతను వరండాలో కూర్చున్నాడు. అవ్వ తను తెప్పించుకున్న అన్నంలో సగం అతనికి పెట్టింది. మర్నాడు పొద్దున్నే ఠాణాకు వెళ్లి అతని మీద ఫిర్యాదు ఇచ్చింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. అతను మంచివాడా, చెడ్డవాడా? మా చిన్నాయనకూ అర్థం కాలేదు. ఊరి పెద్దల ముందర రాజీ చేసుకుంటే ఇంతటితో పోతుంది కదా అని ఆయన వాదన.

“అన్నం పెడితివి, మళ్ల కేసు పెడ్తివి. గిదేందే అమ్మా?”

“ఆకలైనోనికి అన్నం పెట్టిన. పిల్ల కాలు ఇరిగింది, కేసు పెట్టిన. రెండిట్ల తప్పేమున్నది?” అంది అవ్వ.

ఆ తర్వాత నేను మంచం మీద పడుకుని ఉండగా ఒక్కొక్కరే వచ్చి ఆ రోజు ఏం జరిగిందో నాకే చెప్పడం మొదలుపెట్టారు. నేను రోడ్డు అంచున నిలబడే ఉన్నాననీ, బండే అడ్డదిడ్డంగా మీదికొచ్చిందనీ చిన్నాయన చెప్పి, అదే మాట నాతో మళ్లీ మళ్లీ అనిపించేవాడు. నేను చూడకుండా ఉరికానని పక్కింటి అక్క చెప్పింది. తన కళ్లతో చూశానంది. ఒకనాడు ఆ కుర్రవాడి తల్లి వచ్చి, నా కాలి కట్టు మీద చెయ్యి వేసి ఏడ్చింది. “ఉరికిన అని ఒక్క మాట చెప్పు బిడ్డా. నా కొడుకు జైలుకు పోకుంట ఉంటడు” అంది. కళ్లు మూసుకుంటే ఒకసారి నేను నిలబడి కనిపించేదాన్ని, ఇంకోసారి ఉరుకుతూ కనిపించేదాన్ని. రెండూ నిజంగా గుర్తున్నట్టే ఉండేది. నా తలలో ఏది నాదో, ఏది ఇంకొకరిదో తెలియక ఏడుపొచ్చేది.

చివరికి అవ్వనే అడిగాను, కోర్టులో ఏం చెప్పాలని. ఆమె నా తల దువ్వుతోంది.

“నీకు ఏం గానొచ్చిందో గదే చెప్పు. యాదికి లేకుంటే లేదను.”

“మరి తప్పెవరిదే అవ్వా?”

“నాకేం ఎరుక బిడ్డా? నేను చేన్ల ఉంటి. గది తేల్చెటందుకే గదా కోర్టు.”

మానుకోట కోర్టులో జడ్జిగారు మెత్తగానే అడిగారు, రోడ్డు దాటేటప్పుడు నిలబడ్డావా, ఉరికావా అని. చిన్నాయన నా వైపే చూస్తున్నాడు. ఆ తల్లీ నా వైపే చూస్తోంది. “నాకు యాదికి లేదు సారూ” అన్నాను. వకీలు మళ్లీ అడిగాడు, మళ్లీ అదే చెప్పాను. చిన్నాయన తల కొట్టుకున్నాడు. రెండు వైపుల వాళ్లనూ ముంచేశాననిపించింది.

అప్పుడు ఆ కుర్రవాడు తన వకీలు వారిస్తున్నా వినకుండా మాట్లాడాడు.

“పిల్ల ఉరికిందో నిలబడ్డదో నేను జూడలే సారూ. బస్త జారుతున్నదని ఎనకకు జూసిన. ముందుకు జూసేసరికి పిల్ల కింద పడి ఉన్నది.”

అంటే అతనికీ తెలియదు! తెలియకపోవడమే అతని తప్పయింది. బండి నడిపేవాడు ముందుకు చూడాల్సిందేనని జడ్జిగారు అన్నారు. జుర్మానా వేశారు గానీ జైలుకు పంపలేదు. బండికి బీమా ఉండటం వల్ల నా వైద్యానికి ఆ తర్వాత కొంత సాయం అందింది. బయటికి వచ్చాక అవ్వ అతని కనుబొమ్మ తడిమి, “మానిందా నాయినా?” అని అడిగింది. అతను తలూపాడు. అతని తల్లి మాత్రం మా వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఆమెను చూస్తే నేను చేసింది మంచో చెడో తెలియలేదు. అతను ఉన్నది ఉన్నట్టే చెప్పాడా, మంచం పట్టిన పిల్ల మీద జాలితో తప్పు తన మీద వేసుకున్నాడా అని పెద్దయ్యాక కూడా చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఉంటున్నాను. మొన్న మా వీధి మలుపులో ఒక బండి కారుకు తగిలి పడింది. హెల్మెట్ పెట్టుకుని ఉండటంతో బండి నడిపే పిల్లవాడు బతికాడు. చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట చెబుతున్నారు, చూడనివాళ్లు ఇంకా గట్టిగా చెబుతున్నారు. గడప మీదే కూర్చున్న నన్ను పోలీసతను అడిగాడు. “సప్పుడు ఇన్న బిడ్డా. పడ్డంక జూసిన. గంతకు ముందు ఏమైందో నాకు ఎరుకలేదు” అన్నాను. ఇంత దగ్గర ఉండి చూడలేదంటే ఎట్లా అని పక్కవాళ్లు విసుక్కున్నారు. వాళ్ల చూపులకు నాకు ఇంకా బెరుకే. అయినా ఆ మాట మార్చలేదు.