కల్లం కబురు ఎవరికి కావాలి

సెల్‌ఫోన్లు అడవి పల్లెల దాకా చేరుతున్న రోజులవి. రెండు వేల దశకం చివరి సంవత్సరాలు. ఖమ్మం శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. సొంతంగా కంపెనీ పెట్టాలనుకునే విద్యార్థులకు జనంతో ఎలా మాట్లాడాలో, కొనేవాళ్ల మనసులో మాట ఎలా తెలుసుకోవాలో నేర్పాలట. సగం జీవితం పత్రికలో ప్రశ్నలు అడుగుతూ గడిపినవాణ్ని. ఈ పని నాది కాక ఎవరిది అనుకున్నాను.

తరగతిలో కొత్తగూడెం అమ్మాయి ఒకతె ఉండేది. తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం ఏ రోజు తెరుస్తారో, ఆకు తెంపేవాళ్ల ఫోన్లకు ముందే మెసేజ్ పంపడం ఆమె ప్రాజెక్టు. ఆకు తెంపే అడవి గూడేల వాళ్లకు అది కావాలని తేలితేనే కాలేజీ కమిటీ ఒప్పుకుంటుంది. లేకపోతే ఏడాది పని వృథా.

మార్చిలో ఆమెను, ఆమె స్నేహితురాలిని చండ్రుగొండ దాటాక వచ్చే ఒక గూడేనికి నేనే తీసుకెళ్లాను. వార్తల కోసం ఎన్నోసార్లు వెళ్లిన ఊరు. ఎప్పటిలాగే ఊరి పెద్దాయన మంచం వాల్చి, నీళ్లిచ్చాడు. నేను మొదలుపెట్టాను.

“కల్లం తెరిచే కబురు ఫోన్‌కు వస్తే మంచిదేనా?”

“అవ్ సార్. మస్తు మంచిగుంటది.”

“అందరూ పెట్టించుకుంటారా?”

“ఎందుకు పెట్టించుకోరు? మీరు చెప్పినంక!”

చుట్టూ నిలబడ్డ మగవాళ్లు తలలూపారు. పాఠం బాగా కుదిరిందని తిరిగి చూస్తే ఆ అమ్మాయి లేదు. స్నేహితురాలితో కలిసి పెద్దాయన ఇంటి వెనక పందిరి కింద, చింతపండు గింజలు తీస్తున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఒక ముసలామె ఆమెను ఎత్తిపొడుస్తోంది.

“గింజతోని పండు గూడ పారేస్తున్నవేందే! మీ అమ్మ గిట్లనే నేర్పిందా?”

“మా అమ్మ గింజ దీసిందే కొంటది అవ్వా.”

“అందుకే నీకు చదువొచ్చింది, పని రాలే.”

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మొదట ఫోన్ ఊసే ఎత్తలేదు. పోయినేడు కల్లం తెరిచినప్పుడు ఏం చేశారని మాత్రం అడిగింది. ఇన్నేళ్లలో ఆ పందిరి కిందికి నన్ను రమ్మన్నవాళ్లు లేరు. ఈమె వచ్చి గంట కాలేదు.

తిరుగు బస్సులో ఆమె నెమ్మదిగా చెప్పింది. “సార్, వాళ్లకు మన మెసేజ్ అక్కర్లేదు.”

“పెద్దాయన కావాలన్నాడు కదమ్మా?”

“మీరు గంత దూరం నుంచి వచ్చిండ్రని, వద్దంటే బాగుండదని అన్నడంట, ఆ అవ్వనే చెప్పింది. కల్లం సంగతి వాళ్లకు ముందే తెలుస్తది సార్. ఊర్ల ఆడోళ్లందరు ఒక్కపారి కదిలితెనే ఆకుకు పోతరు. ఒక్కతి ముందు పోతే తిట్లు తింటది. ఎవరింట్ల జరమొచ్చినా ఆగుతరు.”

ఆ గూడెం వాళ్లు కల్లానికి ఆలస్యంగా ఎందుకు వస్తారన్నది ఏటా నేను రాసే వార్త. ‘సమాచారం అందక’ అన్నది అందులో నా మాట. నా వార్తను నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఎత్తుకుపోయింది.

“కమిటీకి పెద్దాయన మాటే చెప్పు. ప్రాజెక్టు నిలబడుతుంది” అన్నాను.

ఆమె చెప్పలేదు. కమిటీ ముందు గూడెం వాళ్లు వద్దన్నారనే చెప్పింది.

“అయితే ఏడాదంతా ఏం చేసినట్టు?” అని ఒక లెక్చరర్ నిలదీశాడు.

“అక్కరకు రానిది తయారుచేసినం సార్. అమ్మబోయేముందే తెలిసింది.”

కమిటీ నవ్వింది. వాళ్లకేం కావాలో తెలుసుకుని రమ్మని నెలాఖరు దాకా గడువిచ్చింది. అంత మంచి జవాబు నా నోట ఎన్నడూ రాలేదే అని కడుపు మండింది.

మళ్లీ వెళ్లాం. బస్సు దిగుతూనే ఆమె నవ్వుతూ అంది: “సార్, మీరు పెద్దాయన కాడ కూసోండ్రి. మీరొస్తే వాళ్లు మాట్లాడరు.”

మంచం మీద కూర్చున్నాను. పందిరి వైపు నుంచి నవ్వులు ఆగడం లేదు.

“అంతగా ఏం చెప్పుకుంటున్నారు?” అని పెద్దాయనను అడిగాను.

ఆయనా అటే చూస్తున్నాడు. “నాకేమెరుక సార్? పెండ్లయిన కాడినుంచి మా ముసల్ది నాతోని గిట్ల ఎన్నడన్న నవ్విందా?”

కాసేపటికి ఆమె చేతులు దులుపుకుంటూ వచ్చింది. “దొరికింది సార్! సర్కారు దవాఖానల డాక్టరు ఏ రోజు ఉంటడో తెలిస్తే చాలంట. జరమొచ్చినోళ్లను మోసుకపోయి ఉత్తగ తిరిగొస్తున్నరట. ఆ కబురైతే ఎవరి ఫోన్‌కొచ్చినా ఊరంతా వింటరు.”

కమిటీ ఒప్పుకుంది. ఆ సంగతి పత్రికకు రాయమని కాలేజీ నన్నే అడిగింది. రాయడానికి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందుగా నాకు కావలసిందే అడిగాను.

“ఆ రోజు పందిరి కింద ఎందుకంత నవ్వారు?”

ఆమె తల వంచుకుని ముసిముసిగా నవ్వింది. “అది మాత్రం మీకు చెప్పొద్దన్నరు సార్.”