సద్దు లేని ఫోటో

ఈ సాయంత్రం మా వీధి చివర ఉండే సుగుణమ్మగారికి ఫోటో తీయడానికి వెళ్లాను. ఆవిడ మదనపల్లెలోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. "నేను పోయినాక గోడకు పెట్టే ఫోటో అప్పా ఇది. నవ్వు మొగంతో రావాల" అని ముందే చెప్పి ఉన్నారు.

నాది అరచేతిలో ఇమిడిపోయే మిర్రర్‌లెస్ కెమెరా. కొండలు తీసే లెన్స్ విప్పి, మనుషుల్ని తీసే లెన్స్ బిగిస్తుంటే వింతగా చూశారు.

"దానికి కన్ను మారస్తాండావా? నాకూ పోయినేడు శుక్లం తీసి మార్చినార్లే."

వరండాలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను తీస్తూనే ఉన్నాను. ఆవిడ మాత్రం క్లిక్ కోసం ఎదురుచూస్తూ, చూస్తూ, మెల్లగా నన్ను మరిచిపోయారు. భుజాలు వదులయ్యాయి. కళ్లు దూరంగా కొండ మీది ఎండ వైపు వెళ్లాయి. అక్కడ ఎవరు కనిపించారో గాని, పెదాల మీదికి చిన్న నవ్వు వచ్చింది. గాలి కూడా ఆగినట్టుంది.

చాలాసేపటికి ఇటు తిరిగారు.

"యాలప్పా, ఇంకా తీయలేదా?"

"ఎప్పుడో తీసేసినానమ్మా. దీంట్లో క్లిక్ సద్దు ఆపేసుండాను."

ఆవిడ ముందుకు వంగి కెమెరాను వేలితో తాకి చూశారు.

"సద్దే లేకుండా అయిపోయిందా! నేను పోయేటప్పుడు గూడా ఇట్లే అయిపోతే ఎంత బాగుంటాదప్పా."

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఇంటికి రాగానే మాత్రం కెమెరాలో క్లిక్ శబ్దం ఆన్ చేసేశాను. నవ్వుకుంటే నవ్వుకోండి. మీరైతే చేసేవారు కాదా?