మోతి నా వెంటపడిన పది రోజులు

ఆ రోజుల్లో మనిషికి చావుభయం పట్టుకోవడానికి జ్వరం రానక్కర్లేదు, ఇరుగుపొరుగు జాలిగా చూస్తే చాలు. నాకైతే కుక్క వల్ల పట్టుకుంది. జర్మనీ యుద్ధం నడుస్తోంది, నాకు పందొమ్మిదేళ్లు, వరంగల్లులో మా పెదనాయన ఇంట్లో నేతపని నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడమంటే మగ్గం మీద కూర్చోవడం కాదు. (నేను కూర్చుంటే పోగులు తెగేవి, పెదనాయన నోరు లేచేది.) పొద్దున్నే వీధి పొడవునా పడుగు నూలు సాగదీసి, దానికి గంజి పట్టించడమే నా ఉద్యోగం. దసరాకు మగ్గం ఎక్కిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఆ మాట మీదే బతుకుతున్నాను.

ఇంట్లో మోతి అని ఒక ముసలి కుక్క ఉండేది. నన్నెప్పుడూ పూచికపుల్లపాటి కూడా లెక్క చేయలేదు. అలాంటిది ఉన్నట్టుండి నన్ను అంటిపెట్టుకుంది. నడిస్తే పిక్కకు ముక్కు ఆనించి నడిచేది, కూర్చుంటే కాళ్ల మీద పడుకునేది, పొద్దున్నే చెంబు పట్టుకుని బయటికి పోతే అక్కడికీ వచ్చేది. నా మీద ప్రేమ పుట్టిందని రెండు రోజులు మురిసిపోయాను. మూడోరోజు పెద్దమ్మ చూసి చేతిలో చాట కింద పెట్టేసింది.

"కుక్కకు యమదూతలు కనబడతరు బిడ్డా. ఎవలకు సావు దగ్గరపడ్డదో వాళ్లను ఇడువది. మా తమ్ముడు పోయే ముందుగాల వాళ్లింటి కుక్క గిట్లనే జేశింది."

"మరి నేనేం జెయ్యాలె పెద్దమ్మా?"

"ఏం జేస్తవ్? తినబుద్ధయింది తిను."

ఇక చూడండి నా బతుకు. గంటకోసారి నాడి పట్టుకునేవాణ్ని. (ఎక్కడ పట్టుకోవాలో తెలియక మోచేతి దగ్గర పట్టుకుని, అది కొట్టుకోకపోయేసరికి ఇంకా హడలిపోయేవాణ్ని.) దవాఖానకు పోతే డాక్టరు "ఏం లేదు, పో" అన్నాడు. ఎదుట చెప్పలేక అలా అన్నాడనుకుని మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఉన్న ఒక్క మంచి ధోవతి పక్కింటి దోస్తుకు ఇచ్చేస్తే, వాడు "తువాల గూడ ఇయ్యరాదుర" అన్నాడు. నిరుడు పడుగు కొరికింది ఎలుకలు కాదని, నేనే తెంపానని పెదనాయన ముందు ఒప్పుకున్నాను. ఆయన కొట్టలేదు. దాంతో ఉన్న కాస్త ఆశా పోయింది.

పదోరోజు పెద్దమ్మ నన్ను పనికి పోనివ్వకుండా తలంటు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఉతికిన బట్టలు కట్టించి అరుగు మీద కూర్చోబెట్టింది. మోతి నా ముందు నుంచే వెళ్లింది. ఆగలేదు! గండం గడిచిందని గంతేయబోయాను. అది గంజికుండ దాకా పోయి, మూలుగుతూ అక్కడక్కడే తిరిగి, ఇంట్లోకి వెళ్లి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో దబ్బున పడింది. నేస్తున్న పెదనాయన దాన్ని పైకి తీసి, కళ్ల ముందు చెయ్యి ఊపాడు. రెప్ప పడలేదు.

"దీనికి సూపు పోయిందిర. ఇన్ని దినాలు నీ గంజి వాసన వట్టుకొని తిరుగుతాంది. నీకేం గాలే, ఫికర్ జెయ్యకు."

నిజమే, నాకేం కాలేదు. అన్ని రోజులూ నా చావును తలుచుకుని కడివెడు కన్నీళ్లు కార్చాను గానీ, కాళ్ల దగ్గర ఉన్న ప్రాణానికి ఏమైందోనని ఒక్కసారీ వంగి చూడలేదు. అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. దసరాకు పెదనాయన మగ్గం మీదికి పిలిస్తే, ఇంకొన్నాళ్లు గంజిపనే చేస్తానన్నాను. "ఈడు బాగుపడడు" అని ఆయన తల కొట్టుకున్నాడు. మోతి మరో ఏడాదిన్నర బతికింది. అన్నాళ్లూ నేను పులిసిన గంజి కంపుతోనే వీధులు తిరిగాను. ఆ పిరికివాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ తరువాత ఇంతకాలం బతికినా, నన్ను అంతగా నమ్ముకుని వెంట నడిచినవాళ్లు ఇంకెవరూ లేరు.