మావ పెట్టిన అయిదు సంతకాలు

మా మేనమామ పోయిన సంగతి నాకు మొదట చెప్పింది బంధువులు కాదు, ఒక కేసులో రెండో ముద్దాయి. పేరు గౌరి. కళింగపట్నానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న ఊరి పిల్ల. డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్లమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని మావ వాళ్ల ఊరికి వచ్చి అమ్ముతుంది.

"సార్, మావ పోనాడు" అంది ఫోన్‌లో. "జీడితోటలో పిక్కలేరతన్నాడు. అలగే కూకుండిపోనాడంట."



"సార్, వాయిదా సోమారం ఉన్నాది" అంది తర్వాత. ఆ వెంటనే ఏడ్చేసింది. "ఇలాటప్పుడు ఆ మాట అనకూడదు సార్. తప్పయిపోనాది."

తప్పేమీ లేదు. ఆ పిల్ల, మరో నలుగురు బెయిలు మీద బయట ఉన్నారు. ఆ అయిదుగురికీ జామీను మా మావ. జామీను ఉన్న మనిషి చనిపోతే ఆ పూచీ కూడా ఆయనతోనే పోతుంది. కోర్టు ఇంకొకర్ని తెచ్చుకోమంటుంది. తెచ్చుకోలేకపోతే పిల్లలు తిరిగి లోపలికి పోవాలి. రెండేళ్లుగా అయిదుగురు పిల్లల స్వేచ్ఛ ఒక ముసలాయన గుండె మీద ఆనుకుని ఉందన్నమాట. ఆ గుండె ఏప్రిల్ ఎండలో, జీడిచెట్టు మొదట్లో ఆగిపోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. నాకు మేనమామ, మిగతా అందరికీ ఉత్త మావ. పేరు పెట్టి గట్టిగా పిలిచేది ఒక్కచోటే, కోర్టు వరండాలో.

కేసు సంగతి చెప్పాలి. ఆ ఊరి ఒడ్డున వలలు ఆరేసుకునే, చేపలు ఎండబెట్టుకునే ఇసక జాగా చుట్టూ ఒక కంపెనీ కంచె వేసింది. పిల్లలు సంఘం పెట్టుకున్నారు. సంఘమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక రబ్బరు స్టాంపు, సాయంత్రాలు బడి వరండా. కంచె తీయించమని అర్జీ పెట్టారు. జవాబు లేదు. మండలాఫీసు ముందు ఒక పూట కూర్చుంటాం, అనుమతి ఇవ్వండని పోలీసులకు అర్జీ పెట్టారు. జవాబు లేదు. మళ్లీ పెట్టారు. ఇస్తామనలేదు, ఇవ్వమనీ అనలేదు. కాదంటే పైకోర్టుకు పోవచ్చు. మౌనం మీద అప్పీలు ఎక్కడ చేసుకుంటారు? ఈ దేశంలో నిరసన హక్కును ఎవరూ రద్దు చెయ్యనక్కర్లేదు. అర్జీని టేబుల్ మీద అలా ఉంచేస్తే చాలు.

చివరికి పిల్లలు గంపలతో వచ్చి, మండలాఫీసు గేటు ముందు గోనెపట్టాలు పరిచి చేపలు ఎండేశారు. "మా జాగా మూసేసినారు కదా సార్. మీ జాగాలో ఎండేసుకుంటాం" అంది గౌరి, బయటికొచ్చిన గుమస్తాతో. నినాదం లేదు, రాయి లేదు. కంపు మాత్రం ఉంది, ఒప్పుకుంటాను. నిషేధాజ్ఞలు అమల్లో ఉన్నాయని మధ్యాహ్నం పోలీసులొచ్చి చెప్పారు. ఆ సెక్షన్ నంబరు ఈమధ్య మారింది, లాఠీ పొడవు మారలేదు. అయిదుగుర్ని ఎక్కించుకుపోయారు. చట్టవిరుద్ధంగా గుమిగూడటం, ప్రభుత్వోద్యోగుల విధులకు ఆటంకం. ఎండుచేప ఏ ఉద్యోగి విధికి అడ్డొచ్చిందో ఛార్జిషీటులో నేనింతవరకూ వెతికి పట్టుకోలేకపోయాను.

బెయిలు వచ్చింది. జామీను తెమ్మన్నారు. జామీనంటే భూమి కాగితం. ఒడ్డున నాలుగు తరాలుగా ఉంటున్న ఇళ్లకే పట్టాల్లేవు, సముద్రానికి పాసు పుస్తకం ఎవరిస్తారు? పడవ ఉందని చెబితే కోర్టు గుమస్తా నవ్వాడట.

గౌరి తల్లి మొదట నా దగ్గరికే వచ్చింది. నేను పత్రికల్లో ఇలాంటి సంగతులే రాస్తానని ఆవిడకు ఎవరో చెప్పారు. మా అమ్మకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఇప్పుడు నా పేర ఉందని ఆవిడకు ముందే తెలుసు, ఎందుకంటే ఆ పొలం చెక్క మావ తోటను ఆనుకునే ఉంటుంది. నేనేమన్నానో రాయకపోతే ఈ స్మృతికి అర్థం లేదు. "పాసు పుస్తకం బ్యాంకులో ఉందమ్మా" అన్నాను. అది బీరువాలో ఉంది. మా అబ్బాయి ఉద్యోగానికి అప్పట్లో పోలీసు వెరిఫికేషన్ రావాలి. అదీ నా కారణం. ఆ వారమే నిరసన హక్కు మీద నాలుగు పేజీల వ్యాసం రాశాను. నిప్పులు కురిపించానన్నారు.

ఆవిడ నా దగ్గర్నుంచి ఉత్త చేతులతో తిరిగి వెళ్లి, మర్నాడు గంపతో తోటదారిన పోతుంటే మావ కేకేశాడట.

"ఏటే, ఈరోజు అరుపూ లేదు కేకా లేదు? సేపల్లేవా, నోరు లేదా?"

"నోరుండబట్టే కదా బాబూ, నా గుంట జైల్లో ఉన్నాది."

అంతే. ఆయన ఇంకేం అడగలేదు. ఇంట్లోకి వెళ్లి ట్రంకుపెట్టె తీశాడు.

మర్నాడు కోర్టులో నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను, రాసుకోవడానికి. మేజిస్ట్రేటు గారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ముద్దాయిలు నీకేమవుతారు?"

"ఏటీ అవ్వరు బాబూ."

"ఏమీ కానివాళ్లకు జామీను ఎందుకయ్యా?"

"అయినోళ్లు భయపడతన్నారండి."

కోర్టులో నవ్వారు. నేను తల దించుకుని కాగితం మీద ఏదో గీస్తూ కూర్చున్నాను. నేను వెనక ఉన్నానని ఆయనకు తెలుసో తెలియదో. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "నువ్వు కాయితం నిండా రాస్తావురా అల్లుడా. నాను అడుగున ఒక్క సంతకమే పెట్టగలను" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బ్యాంకు మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. పక్క చెక్కే కదా, దాని సంగతి ఆయనకు తెలియకుండా ఉంటుందా?

జామీనుదారు ప్రతి వాయిదాకూ రానక్కర్లేదు. ఆయన వచ్చేవాడు. అత్తకు శ్రీకూర్మంలో పిండం పెట్టిన రోజు కొన్న తెల్ల చొక్కా ఒకటి ఉండేది, దాన్ని కోర్టుకు తప్ప ఇంకెక్కడికీ వేసుకునేవాడు కాదు. పాసు పుస్తకాన్ని పాలప్యాకెట్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, బనీను లోపల పెట్టుకునేవాడు. బస్సులో అయిదుగుర్నీ తన ముందు సీట్లలో కూర్చోబెట్టి, వెనకనుంచి కాల్చిన జీడిపిక్కలు అందించేవాడు.

"ఒరే, నువ్వు పారిపోతావేటిరా?" అనేవాడు వాళ్లలో అందరికంటే చిన్నవాణ్ని.

"పోను మావా."

"పోతే ముందు సెప్పి పో. నా సొక్కా మడతెట్టి లోపలెట్టేసుకుంటాను."

ఎవరైనా ఈ పిల్లలది దౌర్జన్యమంటే ఆయన దగ్గర ఒకే ప్రశ్న ఉండేది: "దౌర్జన్యానికెల్లినోడు మూడుసార్లు అర్జీ పెట్టుకుని ఎల్తాడేటి?" నేను నాలుగు పేజీల్లో చెప్పలేకపోయింది అదే.

ఏడాది తిరక్కుండా ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకసారి ఏదో కాగితం తిరగరాయాల్సొస్తే, సంతకం పాత దానితో కలవలేదని గుమస్తా వెనక్కి ఇచ్చేశాడు. ఆయన భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "సంతకం తప్పితే గుంటలు లోపలికెల్లిపోతారా?" అని దారంతా అడిగాడు. ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి సంతకం దిద్దడం మొదలుపెట్టాడు. గౌరి వచ్చినప్పుడు పెన్సిల్‌తో గీతలు కొట్టి ఇచ్చేది. "బళ్లో కూడా ఇంత రాయలేదే" అని నవ్వేవాడు. అయిదో తరగతి చదివిన మనిషి, డెబ్భై దాటాక, తన పేరు తన పాత సంతకాన్ని పోలేలా రాయడం నేర్చుకున్నాడు.

ఇక కానిస్టేబులు ఒకడున్నాడు. సివిల్ డ్రెస్‌లో, పది రోజులకొకసారి మావ ఇంటికి వచ్చేవాడు. సాలూరు వైపు మనిషి, లారీ డ్రైవరు కొడుకు. మర్యాదగా చెప్పులు బయట విడిచి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగేవాడు. ప్రశ్న ఒకటే.

"మావా, ఆరోగ్యం ఎలగున్నాది?"

"బాగానే ఉన్నాది బాబూ."

"బీపీ మాత్తర్లు ఏసుకుంటన్నావా?"

మావ పగలబడి నవ్వేవాడు. "మా ఇంటిది పోనాక నా ఆరోగ్యం అడిగినోడివి నువ్వొక్కడివే."

మొదట్లో నేనూ నవ్వాను. నాలుగోసారో అయిదోసారో విన్నప్పుడు నవ్వు రాలేదు. మావ జవాబు ఎవరో ఎక్కడో రాసుకుంటున్నారని అర్థమైంది. ఆ కుర్రాణ్ని తిట్టి లాభం లేదు, ప్రశ్న అతనిది కాదు. ఈ వేసవి మొదట్లో తోట చివర ఎర్రరంగు పూసిన సర్వే రాయి ఒకటి కనిపించింది. కంచె దాకా రోడ్డు వేస్తారట. ఎవరు పాతారని అడిగితే ఏ ఆఫీసులోనూ తెలియదన్నారు. మావ రోజూ పొద్దున్నే వెళ్లి దాన్ని చూసి వచ్చేవాడు. పీకెయ్యలేదు. "పీకితే కేసు. కేసయితే నా జామీను సెల్లదు. గుంటల సంగతేటి?" అన్నాడు. తన తోటలో పాతిన రాయిని తను ముట్టుకోలేని స్థితి. జామీను ఇచ్చినందుకు ఆయనకు దక్కింది అది.

మావ పోయిన మూడో రోజున కానిస్టేబులు వచ్చాడు. ఫొటోకు దణ్ణం పెట్టాడు. నిజంగానే కళ్లు తడిశాయి. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"డెత్ సర్టిఫికెట్ ఎప్పుడొస్తాది సార్? ఒక జెరాక్స్ కావాలి."

మేమింకా దరఖాస్తు కూడా చెయ్యలేదు.

"మరి ఇప్పుడు జామీను ఎవులు సార్?" అన్నాడు, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

ట్రంకుపెట్టెలో పాలప్యాకెట్ కవరు కింద క్యాలెండరు కాగితాల దొంతర దొరికింది. ఒక్కో కాగితం నిండా ఆయన పేరు. పై కాగితాల్లో అక్షరాలు గౌరి గీతల మీద బుద్ధిగా కూర్చున్నాయి. కిందికి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటీ గీత దాటి జారింది. ఆఖరి కాగితంలో సగం దాకానే రాశాడు. మిగతా గీతలు ఖాళీగా ఉన్నాయి.

నేను ఇంటికొచ్చి బీరువా తీశాను. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. కారణం ఎప్పుడో పోయింది, పుస్తకం మాత్రం కదల్లేదు. ఇది గమనించండి. అప్పటి నుంచి ఇప్పటివరకూ నేను రాసిన ప్రతి వ్యాసం ఆ బీరువాకు అయిదడుగుల దూరంలో కూర్చుని రాసిందే. నన్ను చదివి ఆవేశపడి ఫోన్లు చేసిన మీలో ఎంతమందికి పొలాలు లేవు, ఎంతమందికి పట్టా ఉన్న ఇళ్లు లేవు? పిల్లలు వీధిలోకి రావడం లేదని మనం సభల్లో వాపోతాం. వచ్చినవాళ్ల వెనక మన కాగితం ఎక్కడుంది? మనకు ఓపిక లేదు, వయసు లేదు అంటాం. మావకు ఉన్నాయా?

సోమవారం బస్సులో అయిదుగురూ ముందు సీట్లలో, నేను వెనక. కోర్టు వరండాలో బంట్రోతు, కాగితంలో ఉన్న పద్ధతి ప్రకారం, జామీనుదారు పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు వాళ్లలో చిన్నవాడు మెట్లవైపు తిరిగి చూశాడు. నేనూ చూశాను.

మేజిస్ట్రేటు గారు మారారు. ప్రశ్న మారలేదు.

"ముద్దాయిలు మీకేమవుతారు?"

ముప్పై ఏళ్లుగా మాటలతో బతుకుతున్నవాణ్ని. "మా మావకు కావలసినవాళ్లండి" అని మాత్రం అనగలిగాను.

గుమస్తా పాసు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఈ అరెకరానికి ఇద్దరే" అన్నాడు. మిగిలిన ముగ్గురికి వచ్చే వాయిదా దాకా గడువు ఇచ్చారు. ఏ ఇద్దరని నేను వెనక్కి తిరిగేలోపే గౌరి అందుకుంది. అందరికీ చాలకపోతే ఎవరికని వాళ్లు బస్సులోనే అనుకున్నారట.

"సిన్నోళ్లిద్దరికీ పెట్టండి సార్. నాను ఆఖర్ని ఉంటాను."

సంతకం పెట్టాను. గుమస్తా దాన్ని పాసు పుస్తకంలోని సంతకం పక్కన పెట్టి చూసి, "కలవట్లేదు మాస్టారూ. మళ్లీ పెట్టండి" అన్నాడు. రెండోసారి, పిల్లాడు పలక మీద దిద్దినట్టు, నా పేరు నెమ్మదిగా దిద్దాను.

బయటికి వచ్చేసరికి వరండా మెట్ల దగ్గర కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్ల సీసా. నన్ను చూసి ఎదురొచ్చి మూత తీసి ఇచ్చాడు.

"తాగండి సార్, సెమటలు పట్టేసినాయి."

తాగాను. సీసా తిరిగి తీసుకుంటూ, జేబులోంచి చిన్న పుస్తకం పైకి తీసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సార్, ఆరోగ్యం ఎలగున్నాది?"