ఆషాఢపు అడ్డగాలి

మూడేళ్ల కిందటి ఆషాఢం. మేఘమథనం పనిమీద మా చిన్న విమానం ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ మీద మకాం వేసింది. కొత్తచెరువు నుంచి జీపులో పోతే దగ్గరే. టవర్ లేదు, లైట్లు లేవు. ఉత్తరం నుంచి దక్షిణానికి పరిచిన ఒక తారు రన్‌వే, రేకుల షెడ్డు, గాలి ఎటు కొడుతోందో చూపే విండ్ సాక్ అనే గుడ్డ గొట్టం, చేతిలో రేడియోతో కింద కూర్చునే బాషా. మా విమానాశ్రయం అంతే.

చేసే పని వినడానికి వింతగానే ఉంటుంది. రెక్కల వెనక అంచుకు ఫ్లేర్లు అనే గొట్టాలు బిగిస్తారు. వాటిలో ఉప్పులాంటి మందు ఉంటుంది. నల్లగా పొంగుతున్న మేఘం అడుక్కి పోయి, అక్కడ గాలి పైకి లాగే చోట వాటిని కాలిస్తే ఆ పొగ మేఘంలోకి చేరుతుంది. ఆ తర్వాత మేఘం దయ.

మాది బెళుగుప్ప. నాయన వేరుశనగ వేస్తాడు. నేను కో-పైలట్‌గా ఈ పనికి వస్తున్నానని ఫోన్ చేసి చెబితే, “ఇమానం తిరిగితే వాన పడతాదా శారదా? అట్లయితే మేము ఇన్నేండ్లు ఊరికే మొగులు చూసినామే” అన్నాడు. కురవబోయే మేఘాన్ని ఇంకాస్త కురిపించగలమేమో, లేని మేఘాన్ని మాత్రం తేలేమని చెప్పాను. “ఆ మాట మాకూ తెలుసులే” అని ఫోన్ పెట్టేశాడు.

కెప్టెన్ నరసింహప్పగారికి అప్పటికి అరవై దాటాయి. హిందూపురం వైపు మనిషి. మొదటి ఉద్యోగం పత్తి చేల మీద పురుగుమందు చల్లే ఒంటి ఇంజిన్ విమానాల్లో. వాటికి మూడో చక్రం ముక్కు కింద కాక తోక కింద ఉండేది. నేల తాకాక కూడా గాలికి గిర్రున తిరిగిపోయే రకాలు అవి. మేఘాల కోసం షెడ్డులో పడిగాపులు పడేటప్పుడు ఆయన మాటలన్నీ ఆ రోజుల గురించే. తెరిచిన కిటికీలోంచి వచ్చే ఇంజిన్ ఆయిల్ వాసన గురించి, దిగాల్సిన చోట చొప్ప కాల్చి పొగతో గాలి చూపించిన రైతుల గురించి, ఆటోపైలట్ అనే మాటే ఎరగని ప్రయాణాల గురించి చెప్పేవారు. “గాలి ముందు నడుముకు తెలిసేది, తర్వాతే కంటికి. మీకేమో ముందు స్క్రీన్ చెప్పల్ల” అని నవ్వేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజుల్లో ఆ విమానాల్లో ఎంతమంది తిరిగి రాలేదో కూడా చెప్పండి సార్ అనేదాన్ని. ఆయన మాట మార్చేవారు కాదు. పేర్లు చెప్పేవారు. తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్లం.

మా ఇద్దరికీ తెగని వాదం ఒకటుండేది, క్రాస్‌విండ్ ల్యాండింగ్ మీద. రన్‌వేకి అడ్డంగా గాలి కొడుతుంటే విమానాన్ని దించడం అన్నమాట. ఊరికే వదిలేస్తే గాలి విమానాన్ని రన్‌వే పక్కకు తోసేస్తుంది. నాకు నేర్పిన పద్ధతిలో ముక్కును గాలివైపుకు తిప్పి ఎండ్రకాయలా ఏటవాలుగా వస్తాం. చక్రాలు తాకబోయే క్షణంలో కాలితో రడ్డర్ అనే తోక చుక్కాని పెడల్ తొక్కి ముక్కును నేరుగా తిప్పుతాం. ఆయన పద్ధతి వేరు. దూరం నుంచే గాలివైపు రెక్కను కిందికి వంచి, అట్లాగే పట్టుకుని నేల దాకా తెస్తారు. రెండూ సరైన పద్ధతులే. కానీ ఆయన దాంట్లో చేతులు చాలాసేపు బలంగా పట్టి ఉంచాలి.

ఆ రోజు మధ్యాహ్నం కుందుర్పి మీద మంచి మేఘం లేచింది. వెళ్లాం. దాని అడుగున తిరుగుతూ ఫ్లేర్లు కాల్చాం. చూస్తుండగానే మేఘం నుంచి బూడిదరంగు తెరలా వాన దిగింది. అది మా మందుకు పడిందో, దానంతట అది పడిందో దేవుడికెరుక. నేను మాత్రం కింద తడుస్తున్న ఎర్రనేలనే చూస్తుండిపోయాను. ఇక మా రన్‌వే వైపు ముక్కు తిప్పాం.

పది నిమిషాల తర్వాత బాషా గొంతు వినిపించింది.

“సార్, ఈడ గాలి మారిపోయిండాది. పడమటి నుంచి అడ్డంగా కొడతాండాది. సాక్ కట్టె మాదిరి నిలబడిపోయింది. దుమ్ములో నాకు రన్‌వే ఆ కొస కనపడ్డంలే.”

కురిసే మేఘంలోంచి చల్లగాలి కిందికి దిగి, నేలను కొట్టి నలుదిక్కులా పరుగెత్తుతుంది. మేం కురిపించామని మురిసిన మేఘమే ఆ గాలిని మాకంటే ముందుగా మా రన్‌వే మీదికి పంపింది. అవసరమైతే పోవాలనుకున్న బెంగళూరు మీద అప్పటికే ఉరుముల వాన, అక్కడ విమానాలు వరసలో తిరుగుతున్నాయని రేడియోలో వింటూనే ఉన్నాం. తూర్పున ఇంకో విమానాశ్రయం తెరిచి ఉంది. ఇంధనం లెక్క వేశాను. ఇక్కడ రెండుసార్లు ప్రయత్నించవచ్చు. రెండోదీ కుదరకపోతే ఆలోచించకుండా తూర్పుకు పోవాలి. మూడోసారి అనే మాట లేదు. కెప్టెన్ తల ఊపి, “రెండే” అన్నారు.

ఆయన ఎడమ సీట్లో, నడిపే పని ఆయనది. నేను కుడి సీట్లో, వేగం, ఎత్తు, దిశ చూసి పైకి చెప్పే పని నాది. ఉత్తరం నుంచి దక్షిణ ముఖంగా దిగుతున్నాం. గాలి కుడివైపు నుంచి. దుమ్ములోంచి రన్‌వే గోధుమరంగు గీతలా కనపడింది. ఎడమ పక్కన వానకాలువ, దాని వెనక గుండ్ల గుట్ట. కెప్టెన్ తన పద్ధతిలోనే కుడిరెక్క వంచారు. విమానం గతుకుల రోడ్డు మీద లారీలా అదురుతోంది. అయినా గీత మా ముందు నేరుగానే ఉంది. ఆయన చేతిపనిని లోపల మెచ్చుకున్నాను కూడా.

ఇంకాస్త దిగాక పెద్ద విసురు ఒకటి తగిలింది. గాలి కుడిరెక్క కిందికి దూరి దాన్ని పైకి లేపింది. దాన్ని మళ్లీ వంచాలంటే స్టీరింగ్ లాంటి కంట్రోల్‌ను కుడికి బలంగా తిప్పాలి. అంటే ఎడమ సీట్లో ఉన్న మనిషి ఎడమచెయ్యి పైకి లేవాలి. ఆ చెయ్యి లేవలేదు.

“ఎడమకు పోతున్నాం సార్” అన్నాను.

రన్‌వే మధ్యగీత నా కుడివైపుకు జరిగిపోయింది. ముందు అద్దంలోకి కాలువ వచ్చింది.

“గో అరౌండ్” అన్నాను.

గో అరౌండ్ అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం. మా వృత్తిలో ఆ మాటకు ఒక నియమం ఉంది. కాక్‌పిట్‌లో ఎవరి నోటి నుంచి వచ్చినా, కారణం అడగకుండా అమలు చెయ్యాలి. చదివినప్పుడు చాలా తేలికైన నియమం. కానీ నా వయసంత అనుభవం ఉన్న మనిషితో, ఆయన చేతిలో విమానం ఉండగా, నీ దిగడం బాగాలేదు మానెయ్ అని చెప్పడానికి నాలుక ఎంత బరువెక్కుతుందో ఏ పుస్తకంలోనూ రాయరు. ఆయన కళ్లు ఇంకా రన్‌వే మీదే ఉన్నాయి. సరిచేసేస్తానన్న పట్టుదల దవడలో కనిపిస్తోంది. నా చెయ్యి నా కంట్రోల్ మీదికి వెళ్లింది.

“గో అరౌండ్ కెప్టెన్” అన్నాను మళ్లీ, ఈసారి గట్టిగా.

ఆయన కుడిచెయ్యి పవర్ లీవర్లను ముందుకు తోసింది. ఇంజిన్లు హోరెత్తాయి. కాలువ మా కిందుగా, గుట్ట మా ఎడమ రెక్క పక్కగా జారిపోయాయి. ఆ గుట్ట మీద ఒక మేకపిల్ల తల ఎత్తి చూడడం నాకు స్పష్టంగా కనపడింది. అంత దగ్గర.

పైకి వచ్చి చక్రాలు లోపలికి తీసుకున్నాం. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన తిట్టినా నాకు బాధ ఉండేది కాదు.

“చెయ్యి లేయలేదు శారదా” అన్నారు. “భుజం పట్టేసింది. నెలనుంచి నొప్పిగా ఉండాది. ఇట్లా అయితాదనుకోలేదు.” ఆ వెంటనే, “కంట్రోల్ నీది” అన్నారు.

“కంట్రోల్ నాది” అన్నాను. విమానం చేతులు మారేటప్పుడు ఇద్దరూ పైకి అనాల్సిన మాటలు అవి. రోజూ అనుకునేవే. ఆ రోజు ఆ మాట అంటూనే కంట్రోల్‌ను బిగించి పట్టుకున్నాను.

పెద్ద విసురు దాటిపోయే దాకా ఉత్తరాన ఒక చుట్టు తిరిగాం. బాషాను విసుర్ల సంగతి అడుగుతూనే ఉన్నారు కెప్టెన్. గాలి ఇంకా అడ్డంగానే ఉంది గానీ, మొదట్లోలా ఎగిసెగిసి కొట్టడం లేదని అతను చెప్పాడు. మా విమానం తట్టుకోగల గాలేనా అని ఇద్దరం మళ్లీ చూసుకున్నాం. తట్టుకోగలిగిందే, కానీ మిగులు లేదు. కుదరకపోతే తూర్పుకే అని ఇంకోసారి పైకి అనుకుని తిరిగాం.

నేను నా పద్ధతిలోనే వచ్చాను. ముక్కు గాలివైపు, రన్‌వే నాకు ఎడమవైపున. మనిషి ఒకవైపు చూస్తూ ఇంకోవైపు నడుస్తున్నట్టు. కెప్టెన్ వేగం చదువుతున్నారు. ఆ గొంతులో తొందర లేదు, బెదురు లేదు. షెడ్డులో పాత కబుర్లు చెప్పే గొంతే. నేల దగ్గరయ్యేకొద్దీ కాలు రడ్డర్ మీద తహతహలాడింది. ముక్కును ముందే తిప్పేస్తే గాలి మళ్లీ తోసుకుపోతుంది.

“ఇప్పుడే వద్దు” అన్నారాయన. “ఉండు. ఉండమ్మా. ఆ, ఇప్పుడు.”

తొక్కాను. ముక్కు నేరుగా తిరిగింది. కుడిరెక్క వంచాను. ముందు కుడిచక్రం కీచుమంది, ఆ తర్వాత ఎడమది, చివరికి ముక్కుది. గాలి ఇంకొక్కసారి తోసి చూసింది. విమానం నిలబడింది. రన్‌వే చివర ఆగాం. బాషా దుమ్ములోంచి పరిగెత్తుకొచ్చి రెక్క కొసను పట్టుకుని నిలబడ్డాడు, అదేదో తనే ఆపినట్టు.

ఇంజిన్లు ఆపాక కెప్టెన్ సీట్లోంచి లేవలేదు. అక్కడే కూర్చుని మా ఆపరేషన్స్ ఆఫీసుకు ఫోన్ చేశారు. భుజం సంగతి, చెయ్యి లేవని సంగతి, గో అరౌండ్ ఎవరు పిలిచారన్న సంగతి, మొదటి పిలుపుకు తాను కదలని సంగతి అన్నీ చెప్పారు. మొదటిసారి ఇంజిన్ హోరులో వినపడి ఉండదని నేను పక్కనుంచి సైగ చేశాను. ఆయన ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, “వినపడింది” అన్నారు. మళ్లీ ఫోన్‌లో, “వినపడింది కానీ చెయ్యలేదు, అట్లనే రాసుకోండి” అన్నారు.

ఆ తర్వాత ఆయన విమానం నడపలేదు. భుజానికి చికిత్స చేయించుకున్నారు గానీ తిరిగి రాలేదు. ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ పక్కన కూర్చుని పిల్లలకు క్రాస్‌విండ్ నేర్పుతున్నారు. ఈ కథ తన పేరుతోనే చెబుతారట. తోక చక్రం విమానాల కబుర్లు కూడా తగ్గలేదని విన్నాను.

మేం అట్లా దిగిన మర్నాడు నాయనకు ఫోన్ చేస్తే, కుందుర్పి దిక్కు వాన పడిందని, మా చేన్ల మీద మాత్రం గాలే వచ్చిందని అన్నాడు. విమానం సంగతి నేను చెప్పలేదు.

చాలాకాలం ఈ సంగతిని నా ధైర్యం కథగానే చెప్పుకున్నాను. చిన్నదాన్నైనా పెద్దాయన తప్పును పట్టుకున్నాను, నోరు విప్పాను, బతికాం. పోయిన ఏడాది నేను ఎడమ సీట్లోకి మారాను. ఇప్పుడు నా కుడిపక్కన నాకంటే చిన్నవాళ్లు కూర్చుంటారు. చేతిలో విమానం ఉండి, నాకొచ్చు అనే నమ్మకం ఉండి, నేల కళ్లముందు ఉండగా, పక్కవాడి మాటకు దాన్నంతా వదిలేసి పవర్ తొయ్యడం ఎంత కష్టమో ఈ సీట్లోకి వచ్చాకే తెలిసింది. ఆ రోజు నేను ఒక మాట అన్నాను, అంతే. ముప్పై ఏళ్ల గర్వాన్ని పక్కన పెట్టి ఆ మాట విన్నది ఆయన.