పక్కింటి నర్సింహులు పెట్టుకున్న మాస్కు

నా భార్యకు క్యాన్సర్ చికిత్స జరుగుతోంది. ఆమెకు జలుబు కూడా అంటకూడదని నేను బయట మాస్కు తీయను. పోయిన నెల అయిజ బజార్లో పక్కింటి నర్సింహులు పదిమందిలో నవ్వాడు: "ఏందన్నా, ఎద్దు లెక్క మూతికి చిక్కం పెట్టుకున్నవ్?"

ఈ సాయంత్రం అతను ఆమెను చూడటానికి వచ్చాడు. మాస్కు లేకుండా గడప దాటితే కడిగేద్దామని కాచుకుని ఉన్నాను. వాకిట్లోనే ఆగి, జేబులోంచి కొత్త మాస్కు తీసి పెట్టుకున్నాడు.

"బజారంత తిరిగొచ్చిన వదినా, నీకేమన్న అంటితే ఎట్ల? ఈడికెల్లే మాట్లాడి పోత. దీంతోని మా అన్న ఊపిరెట్ల తీస్తుండో!"

చాలా రోజుల తర్వాత ఆమె గట్టిగా నవ్వింది. కుర్చీ తెచ్చి అతనికి నేనే వేశాను. నెల రోజులుగా సానపట్టిన తిట్లన్నీ దండగయ్యాయి. ఇలాంటివాడితో ఇక ఎలా కొట్లాడాలో తెలిసినవాళ్లు చెప్పండి.